శ్రీశైలమా? అహోబిలమా?

తీర్థయాత్ర తలపెట్టిన ఇంట్లో తగాదా డబ్బు దగ్గరో సెలవుల దగ్గరో వస్తుందనుకుంటారు చాలామంది. అవి ఎలాగో సర్దుకుంటాయి. అసలు చిక్కు ఏ దేవుడి దగ్గరకు అన్న చోట వస్తుంది. ఇంటిపెద్దకు ఒక మొక్కుంటుంది, ఇల్లాలికి ఒక కోరిక ఉంటుంది, పిల్లలకు దేవుడు ఎవరైనా ఫరవాలేదు గాని కొండా, నీళ్ళూ, జీపూ ఉండాలి. ఇందరినీ సమాధానపరచి కారెక్కించేసరికి యాత్రాఫలంలో సగం అక్కడే దక్కుతుంది.

మా ఇంట్లో ఈ ముచ్చట కిందటి కార్తీకంలో మొదలైంది. మేముండేది ఒంగోలు. నేను కాలేజీలో తెలుగు చెబుతాను. పరీక్షల డ్యూటీలు పోగా నాకు చిక్కేవి గట్టిగా మూడు రోజులు. అమ్మకు డెబ్బయి నాలుగేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఆపరేషన్ మాట ఎత్తితే వినదు. చూసిన డాక్టరు మాత్రం, “కొండలూ మెట్లూ ఉంటే ఈ చలికాలంలోనే చూపించి తీసుకురండి, పై ఏడు ఈపాటి నడక కూడా ఉండదు” అని ఉన్న మాట చెప్పేశాడు. కాబట్టి యాత్ర ఒక్కటే. రెండోది ఉంటుందన్న నమ్మకం లేదు.

శ్రీశైలానికి వెళ్ళాలని మా ఆవిడ పట్టు. ఆ పట్టుకు కారణం మా పూజగదిలో మేకుకు వేలాడుతున్న పసుపుగుడ్డ మూట. ఆరేళ్ళ క్రితం మా అమ్మాయికి డెంగ్యూ జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆస్పత్రిలో మమ్మల్ని గడగడలాడించినప్పుడు, నాన్నగారు మల్లన్నకు ముడుపు కట్టారు. పిల్ల లేచి తిరిగింది. ఇదిగో అదిగో అంటూ ఉండగానే ఆయన దాటిపోయారు. ముడుపు మిగిలింది. దీపం పెట్టినప్పుడల్లా అది మా ఆవిడ కంట పడుతుంది. “మామయ్యగారి మొక్కు మేకుకు వేలాడుతుంటే మనం ఇంకో కొండకు వెళ్ళడం ఏమిటండీ?” అని ఆవిడ అంటే కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

మొక్కు సంగతి అలా ఉంచి, శ్రీశైలం పేరు చెబితే నాకూ మనసు లాగుతుంది. పన్నెండు జ్యోతిర్లింగాలలో ఒకటీ, పదునెనిమిది శక్తిపీఠాలలో ఒకటీ ఒకే ప్రాకారంలో ఉన్న చోటు. ఆ ప్రాకారం సంగతే చూడండి. చాలామంది దర్శనం చేసుకుని, లడ్లు కొనుక్కుని, గోడ మొహం చూడకుండా బస్సెక్కేస్తారు. గుడి చుట్టూ కోటగోడలా లేచిన రాతిమీద వరుసలు వరుసలుగా బొమ్మలు. ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ళు, కుస్తీలు పట్టేవాళ్ళు, యోగులు, శివలీలలు. అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసే ఘట్టం కూడా ఉంది. అక్షరం రాని మనిషి సైతం ఒక పూట చదువుకోదగ్గ పుస్తకం అది. పొద్దుటి ఎండ పక్కవాటుగా పడే వేళ చూడాలి.

పైగా తెలుగు మేష్టారికి శ్రీశైలమంటే పాల్కురికి సోమనాథుడు. 13వ శతాబ్దపు ఆయన ‘పండితారాధ్య చరిత్ర’లో చివరి ప్రకరణానికి పర్వత ప్రకరణమనే పేరు. పర్వతమంటే వేరే చెప్పనక్కరలేదు, శ్రీశైలమే. శివరాత్రికి జనం ఎలా కదిలి వస్తారో, దారిలో ఏమేం పదాలు పాడుకుంటారో అందులో ఉంది. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ ఆయన పేర్లు చెప్పబట్టే ఆనాటి జానపదుల పాటలకు ఇన్ని రకాలున్నాయని మనకు తెలిసింది. ఆ భాగం పాఠం చెప్పిన ప్రతి ఏడూ నాకు అడవిదారిని నడిచి వెళ్ళాలనిపిస్తుంది. మోటారు రోడ్డు పడక ముందు ఆత్మకూరు నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నడిచేవారు. ఇప్పటికీ ఉగాదికి కన్నడ భక్తులు ఆ దారినే గుంపులు గుంపులుగా నడిచి వస్తారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని వాళ్ళ లెక్క. అందుకని పుట్టింటివారిలా సారె పట్టుకొస్తారు.

ఇంకొక బంధుత్వం మా వైపుది. శివరాత్రినాడు లింగోద్భవ వేళ గర్భాలయ విమానం నుంచి ముఖమండపం మీది నందుల వరకు చుట్టే పాగా మా చీరాల నేతగాళ్ళు నేసిన గుడ్డ. రోజుకొక మూర చొప్పున ఏడాది పొడుగునా నేస్తారు. దీపాలన్నీ ఆర్పివేసిన చీకట్లో, ఒంటిమీద నూలుపోగు లేకుండా పైకెక్కి చుడతారు. స్వామి పెండ్లికొడుకు అయ్యేది ఆ పాగాతోనే.

వయసు మళ్ళినవాళ్ళకు కూడా శ్రీశైలం సుఖమే. గుడి దాకా కారు పోతుంది. బస ముందే ఫోనులో ఖాయం చేసుకోవచ్చు. పాతాళగంగకు మెట్లు దిగలేకపోతే రోప్‌వే ఉంది. దారిలో సాక్షిగణపతి కలమూ పుస్తకమూ పట్టుకుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటూ కూచుంటాడు. నా ఉద్యోగంలో నేను చేసే పనీ అదే కాబట్టి ఆయనంటే నాకు ప్రత్యేకమైన సానుభూతి. ఇటు చూస్తే కృష్ణకు అడ్డంగా 1981 నాటికి పూర్తయిన డ్యాము, పన్నెండు గేట్లూ ఎత్తిన రోజున చూడవలసిన సంబరం. చలికాలంలో ఆ సంబరం ఉండదనుకోండి.

ఇన్ని ఉండగా ఇక ఆలోచనేమిటని మార్కాపురం, దోర్నాల మీదుగా వెళ్ళడానికి లెక్కలు వేశాను. దోర్నాల దగ్గర రాత్రి పూట అడవి గేటు మూసేస్తారు, పెద్దపులుల అడవి గనుక. పెందలాడే బయలుదేరాలి. ఇదంతా చెప్పి, “ఏమంటావమ్మా?” అని అడిగితే, “ఎక్కడికైనా సరేలే నాయనా” అంది అమ్మ.

ఈ ‘సరేలే’ అనే మాటకు అర్థం నిఘంటువుల్లో దొరకదు. దాన్ని పట్టుకున్నది నేను కాదు, మా ఆవిడ. ఆ రాత్రి వంటింట్లో చిక్కుళ్ళు గిల్లుతూ ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ తరువాత ఆవిడ నా దగ్గరకు వచ్చి, “అత్తయ్యకు అహోబిలం చూడాలని ఉందండీ. చిన్నప్పటి నుంచీ ఉందిట” అంది.

మా అమ్మ పుట్టింటి వారి ఇలవేల్పు అహోబిల నరసింహస్వామి. కందుకూరు దగ్గర పల్లె. ఆ ఇంట్లో తరానికొక ఓబులేసు ఉంటాడు. అహోబలేశుడే మన నోళ్ళలో పడి ఓబులేసు అయ్యాడు. ఓబయ్య, ఓబన్న, ఓబులమ్మ అందరూ ఆ కొండ పిల్లలే. (ఊరి పేరు శాసనాల్లోనూ, పాత కావ్యాల్లోనూ అహోబలమనే కనబడుతుంది. గుహను బట్టి ‘బిలం’ అన్నవాళ్ళూ ఉన్నారు, స్వామి బలాన్ని చూసి దేవతలు ఆశ్చర్యపోయారు గనుక ‘బలం’ అన్నవాళ్ళూ ఉన్నారు. పండితుల తగాదా పాఠకులకు ఎందుకు!) ఫాల్గుణంలో తిరునాళ్ళకు మగవాళ్ళు బళ్ళు కట్టుకుని వెళ్ళేవారు. ఆడపిల్లను పెద్దయ్యాక తీసుకెళతానని తాతయ్య అన్నాడట. పెద్దయ్యేసరికి పెండ్లయింది. మెట్టినింటి దేవుడు మల్లన్న. ఇంటిపేరు మారినట్టే ఇలవేల్పూ మారాడు. నాన్నగారితో అమ్మ శ్రీశైలం తొమ్మిదిసార్లు వెళ్ళింది. అహోబిలం ఒక్కసారి కూడా చూడలేదు. మన దేశంలో ఎంతమంది ఆడవాళ్ళు ఇలా చిన్నప్పటి దేవుణ్ణి పుట్టింట్లో వదిలివచ్చి ఉంటారో లెక్క కట్టినవారెవరూ లేరు.

ఇప్పుడు త్రాసు రెండో సిబ్బె బరువెక్కింది. ఒకవైపు పోయిన మనిషి మొక్కు, ఇంకొకవైపు ఉన్న మనిషి కోరిక.

రెండూ నల్లమలలోనివే కదా, ఒకే చుట్టులో రెండూ ఎందుకు చూడకూడదని మీకు తోచవచ్చు. మా అమ్మాయి అదే అడిగింది. మ్యాపులో జానెడు దూరం కూడా ఉండదు. కాని నడుమ ఉన్నది అడవి. అహోబిలం నుంచి ఆళ్ళగడ్డ, నంద్యాల, ఆత్మకూరు, దోర్నాల తిరిగి శ్రీశైలం చేరాలంటే రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, అందులో సగం ఘాట్ రోడ్డు. నడుము పట్టినవాళ్ళకు అది యాత్ర కాదు, శిక్ష. మూడు రోజుల్లో రెండు కొండలు ముట్టుకుని రావచ్చు, చూసి రాలేము.

చిత్రమేమిటంటే ఈ రెండు క్షేత్రాలకూ ఎంత వైరుధ్యం ఉందనుకుంటామో అంత చుట్టరికం ఉంది. నల్లమల నుంచి శేషాచలం దాకా ఉన్న కొండలవరుసంతా ఆదిశేషుడేనని, పడగ తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలమని పెద్దలు చెప్పుకుంటారు. ఇంతకంటె గట్టి చుట్టరికం చెంచులది. శ్రీశైలంలో స్వామి చెంచు మల్లయ్య, వాళ్ళ పిల్లను చేసుకున్నాడు. అహోబిలంలో నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్ళాడాడు. శైవమని, వైష్ణవమని మనం గీతలు గీసుకున్నాము గాని, చెంచుల లెక్కలో ఇద్దరూ అల్లుళ్ళే. అల్లుళ్ళలో ఒకణ్ణి ఎక్కువ, ఒకణ్ణి తక్కువ చేసి చూస్తే ఆ గూడెంలో మర్యాదగా ఉండదు.

మా సీమ రాజు ప్రోలయ వేమారెడ్డి కూడా ఈ తగవులోకి దిగలేదు. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ఆయన శ్రీశైలానికీ మెట్లు కట్టించాడు, అహోబిలానికీ కట్టించాడు. ఆయన ఆస్థానంలోని ఎఱ్ఱాప్రగడ శంభుదాసుడనే పేరు పెట్టుకుని నృసింహపురాణం రాసి అహోబల స్వామికి ఇచ్చాడు. తాత కలలో కనబడి రాయమన్నాడని ఆయనే చెప్పుకున్నాడు. ఈ మాట నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో! ఒక తాత మాట మా ఇంట్లోనే బాకీ ఉందని మాత్రం ఆ చిక్కుళ్ళు గిల్లిన రాత్రే తెలిసింది.

తీర్పు అమ్మే చెప్పింది. మా ఆవిడ ముడుపు మాట మళ్ళీ ఎత్తగానే అంది: “ముడుపుకు మోకాళ్ళ నొప్పులు లేవమ్మాయ్. ఎవరు పట్టుకెళ్ళి వేసినా ఆయనకు ముడుతుంది. నా కాళ్ళే రేపటికి ఉంటాయో ఉండవో.” మామయ్యగారు ఏమంటారో నన్న బెంగ మా ఆవిడకు ఇంకా పోలేదు. “ఆయనా? తొమ్మిదిసార్లు ఆయన వెంట నేను వెళ్ళాను. ఈ ఒక్కసారికి ఆయన ఆగుతాడులే” అని అమ్మ వత్తులు చేసుకోసాగింది.

మార్గశిరంలో బయలుదేరాము. ముహూర్తం చూసి కాదు, సంక్రాంతి దాటనివ్వకూడదని. కనుమ నుంచి అహోబిలంలో పారువేట మొదలవుతుంది. చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేసి సాగనంపితే, ఉత్సవమూర్తులు చుట్టుపక్కల ఊళ్ళన్నీ నెలా పదిహేను రోజుల పాటు తిరుగుతారు. తన పెండ్లికి రమ్మని జనాన్ని ఇంటింటా పిలవడానికి వస్తాడట స్వామి. పిలుపులకు పోయిన పెద్దమనిషి ఇంట్లో దొరకడు కదా!

పొదిలి, కంభం, గిద్దలూరు మీదుగా దారి. కంభం చెరువు దగ్గర కాసేపు ఆగాము. విజయనగరం నాటి కట్ట, రెండు కొండల సందును మూసి గుండ్లకమ్మను ఆపింది. ఆ గుండ్లకమ్మే నల్లమలలో పుట్టి మా జిల్లా పొడుగునా పారి సముద్రంలో కలుస్తుంది. గిద్దలూరు దాటాక అడవి, ఆ తరువాత నంద్యాల, ఆళ్ళగడ్డ. సాయంత్రానికి దిగువ అహోబిలం చేరాము.

దిగువన ఉన్నది ప్రహ్లాదవరదుడి గుడి. విజయనగర శిల్పం తెలిసినవాళ్ళు ఆ మండపం స్తంభాల దగ్గర కాలం మరచిపోతారు. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర రోజుల్లో ఇక్కడికి వచ్చి కానుకలు ఇచ్చాడు. ఆయన జయస్తంభమని చూపేది గుడి ముందరే ఉంది. నాలుగు అడుగులు వేసి ఆగుతూ అమ్మ అన్నీ చూసింది. ఏమీ మాట్లాడలేదు.

వెళ్ళదలచినవారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. నవ నారసింహులు తొమ్మిది చోట్ల ఉన్నారు. తొమ్మిదీ చూడాలంటే రెండు రోజులూ, గట్టి కాళ్ళూ కావాలి. నడవలేనివారికి నాలుగు మాత్రం సులభం. దిగువ ఊరికి దగ్గరలోనే యోగానందుడు, ఛత్రవటుడు. దాదాపు గుడి దాకా బండి పోతుంది. ఛత్రవటుడు మర్రి నీడను కూచుని ఉంటాడు. హాహా హూహూ అనే గంధర్వులు పాడుతుంటే ఎడమచేత్తో తాళం వేస్తున్నట్టు ఉంటుంది ఆ విగ్రహం. ఉగ్రమూర్తి అని పేరుపడిన దేవుడు పాట వింటూ కూర్చున్న ఈ రూపం నాకు తొమ్మిదింటిలోకీ నచ్చింది. ఎగువకు వెళ్ళే దారిలో రోడ్డు పక్కనే కారంజుడు. కరంజమంటే మన కానుగ చెట్టే. ఈయన చేతిలో విల్లుంటుంది. రాముడి కోసం కూచున్న హనుమంతుడికి ఇలా కనబడ్డాడని కథ. దిగువ నుంచి ఎనిమిది కిలోమీటర్లు వెళితే ఎగువ అహోబిలం, గరుడాద్రి, వేదాద్రుల నడుమ గుహలో స్వయంభువు. పక్కనే చెంచులక్ష్మి. భార్గవుడికి మెట్లెక్కాలి. పావనుడు అడవి లోపల. వరాహుడు, మాలోలుడు, జ్వాలా నరసింహుడు ఎగువ గుడి నుంచి భవనాశిని వాగు వెంట కాలినడకన పోవలసినవాళ్ళు. హిరణ్యకశిపుణ్ణి చీల్చినది జ్వాల దగ్గరేనంటారు. ఆ పైన కొండ చీలి నిలబడినది ఉగ్రస్తంభం. అది కుర్రవాళ్ళ పని.

రెండో రోజు పొద్దున ఎగువ గుడిలో దర్శనమయ్యాక, అమ్మనూ మా ఆవిడనూ మండపంలో కూచోబెట్టి, నేనూ అమ్మాయీ జ్వాలకు పోయి వద్దామనుకున్నాము. నీళ్ళ సీసా కొనుక్కుని వచ్చేసరికి అమ్మ డోలీ మోసే నలుగురితో బేరంలో ఉంది. “డాక్టరు ఎక్కవద్దన్నాడు గాని, మోయించుకోవద్దన్నాడా?” అని నన్నే అడిగింది. వాళ్ళు చెప్పిన దానికి రెండు వందలు తగ్గించి, నాలుగు వందలు బహుమానంగా ఇస్తానని ఒప్పుకుంది. మా అమ్మ లెక్కలు ఎప్పుడూ అంతే.

వాగు దాటి, బండల మీద, మెట్ల మీద, కొండ అంచున ఇనుప కమ్మీలు పట్టుకుని పోయే దారి. మోసేవాళ్ళు మాట్లాడకుండా, ఒకరి అడుగు చూసి ఒకరు వేస్తూ పోతున్నారు. నాకు రొప్పు వచ్చి రెండుసార్లు కూలబడ్డాను. డోలీలో నుంచి అమ్మ వెనక్కి తిరిగి, “మెల్లగా రా నాయనా” అంటోంది. జ్వాల ముందర కొండ మీది నుంచి నీళ్ళు సన్నగా, గాలికి చెదిరిపోతూ పడతాయి. మార్గశిరంలో ధార బక్కచిక్కినా తడవకుండా లోపలికి పోలేము. అమ్మ డోలీ దింపించుకుని, మా ఆవిడ భుజం పట్టుకుని ఆ తుంపర కింద నిలబడింది. తువ్వాలు అందించబోతే వద్దంది. స్వామి చేతులన్నీ తానే లెక్కపెట్టుకుంది. రక్తకుండంలో చేయి కడుక్కుంది. తరువాత ఎదురుగా ఉన్న కొండను చాలాసేపు చూసి, “మా నాయన చెప్పినట్టే ఉందే!” అంది.

దిగి వచ్చాక లెక్క చూస్తే తొమ్మిదిలో ఐదుగురు అయ్యారు. మిగిలిన నలుగురికీ అక్కడి నుంచే దండం పెట్టింది. మూడో రోజు ఆళ్ళగడ్డలో భోజనం చేసి ఇల్లు చేరాము. మరో నాలుగు రోజులు ఆమె మోకాళ్ళకు కాపడం పెట్టే పని మా అమ్మాయిది.

ముడుపు మాఘంలో చెల్లింది. శివరాత్రి రద్దీకి ముందు ఒక ఆదివారం అమ్మాయిని వెంటబెట్టుకుని మార్కాపురం మీదుగా వెళ్ళి, నాన్నగారి మూట ముడి విప్పకుండా హుండీలో వేయించాను. అది ఆ పిల్ల చేత్తో వేయవలసినదే. సాక్షిగణపతి దగ్గర మా ఇద్దరి పేర్లతో బాటు నాన్నగారి పేరూ, అమ్మ పేరూ చెప్పి వచ్చాము. మా ఆవిడకు కాలేజీలో కాదు, బ్యాంకులో ఉద్యోగం. ఆ రోజుల్లో సెలవు దొరకలేదు. ఉగాదికి వచ్చే కన్నడ యాత్రికులు వెళ్ళిపోయాక ఒకసారి తీసుకుపోవాలి. ప్రాకారం బొమ్మలు చూడడానికి పూర్తిగా ఒక పూట కావాలని ముందే ఒప్పందం చేసుకున్నాను.